దెబ్బ తగిలిన రోజే రాసిపెట్టు, చెల్లీ

ఇంగ్లండు ఆసుపత్రిలో నర్సుగా చేరిన నిన్ను మత్తులో ఉన్న రోగి దవడ మీద కొట్టి నాలుగు రోజులైందనీ, ఫిర్యాదు చేస్తే వీసాకు ఇబ్బంది అవుతుందేమోననీ అడిగావు. ఫిర్యాదు చేసినందుకు వీసా పోదు. ఆ భయంతోనే నేను నోరు మెదపక ఎంత నష్టపోయానో చెబుతాను.

2019 చలికాలం, ఇంగ్లండులో నా మొదటి ఏడాది. శనివారం రాత్రి, తాగి పడిపోయి వచ్చిన మనిషికి కాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం) పెడుతుంటే నా మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. రెండో చేత్తో, ఇక్కడ నర్సులు యూనిఫాంకు తలకిందులుగా తగిలించుకునే గడియారాన్ని లాగేశాడు. పిన్నుతో పాటు గుడ్డ కూడా చిరిగింది. ఇన్‌చార్జి సిస్టర్ పరుగున వచ్చి దెబ్బ తగిలిందా అని అడిగితే, ఏమీ లేదన్నాను. గడియారం తీసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాను. మన ఊళ్లో రోగి బంధువులు మీదపడినా పెద్దవాళ్లు సర్ది చెప్పి పంపడమే చూసినదాన్ని, ఇక్కడా అంతే అనుకున్నాను.

మూడో రోజుకు పొయ్యి మీది అన్నం గిన్నె దించలేకపోయాను. తొమ్మిది వారాలు సెలవు. మొదటి ఏడాది కాబట్టి ఒక నెల పూర్తి జీతం, ఆపైన సగం. అదనపు షిఫ్టుల డబ్బు అసలే లేదు. నన్ను పంపడానికి నాన్న చేసిన అప్పుకు వడ్డీ మాత్రం ఆగలేదు. పనిలో గాయపడితే తగ్గిన జీతానికి పైన కలిపి మామూలు జీతంలో 85 శాతం దాకా ఇచ్చే ఇంజురీ అలవెన్స్ ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఉందని అప్పుడు తెలిసింది. వెళ్లి అడిగితే, ఆ రాత్రి రాసిన రిపోర్టు చూపించమన్నారు. నా దగ్గర చిరిగిన యూనిఫాం ఉంది, కాగితం లేదు.

ఎమర్జెన్సీ సిబ్బందిపై దాడికి ఇంగ్లండు, వేల్స్‌లో 2018 చట్టం ఉంది. 2022లో గరిష్ఠ శిక్షను రెండేళ్లకు పెంచారు. మిగతాది ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చదువుకో. నా బాధ డబ్బు గురించే, ఎందుకంటే కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చివరికి వదిలేస్తారు.

ఇవాళే సంఘటన రిపోర్టు నింపు. చాలా ఆసుపత్రుల్లో దాన్ని డేటిక్స్ అంటారు. సమయం, మంచం నంబరు, చూసినవాళ్లెవరు, నాలుగు రోజులు ఎందుకు ఆగావు, అన్నీ రాయి. దవడ మీద కమిలిన మచ్చ ఇంకా కనిపిస్తుంటే ఫోటో తీసుకో. పోలీసులకు చెప్పి క్రైమ్ నంబరు తీసుకో. మతి తప్పిన వృద్ధులు కొట్టినా రాయాలి. వాళ్లకు శిక్ష పడాలని కాదు, ఆ మంచం దగ్గరికి మరో మనిషిని వేయించుకోవడానికి.

నేను అప్పు తీర్చి, ఇక్కడే ఇల్లు కొనుక్కుని, ఇప్పుడు బ్యాండ్ 6లో, అంటే సీనియర్ నర్సు హోదాలో ఉన్నాను. నా వార్డులో చేరే పిల్లలకు మొదటి వారమే ఆ ఫారం తెరిచి చూపిస్తాను. నువ్వు సెలవు పెట్టాల్సి వస్తే, అది పనిలో తగిలిన దెబ్బ అని మేనేజరుకు మాటతో సరిపెట్టకుండా ఈమెయిల్‌లో రాయి. వచ్చే నెల జీతం స్లిప్పు వరుస వరుసా చదువు.