కుకీ వచ్చింది, కానీ నిలవలేదు

ప్రశ్న: కర్నూలు మార్కెట్ యార్డు ఉల్లి ధరలు చూపే సైటు మా ఫైనలియర్ ప్రాజెక్టు. రియాక్ట్ పేజీ లోకల్‌హోస్ట్ 5173 పోర్టులో, ఎక్స్‌ప్రెస్ సర్వర్ 127.0.0.1 మీద 4000 పోర్టులో నడుస్తున్నాయి. ఫెచ్‌తో లాగిన్ పంపితే 200 వస్తుంది, సెట్-కుకీ హెడర్ (లాగిన్ గుర్తుంచుకునే కుకీని భద్రపరచమని సర్వర్ బ్రౌజర్‌కు చెప్పే వరస) కూడా కనిపిస్తుంది. తర్వాతి రిక్వెస్టుకే 401, అంటే లాగిన్ కాలేదని. బ్రౌజర్ లేకుండా రిక్వెస్టులు పరీక్షించే పోస్ట్‌మ్యాన్‌లో మాత్రం అంతా బాగుంది. తప్పెక్కడ?
– ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: పోస్ట్‌మ్యాన్‌కు కార్స్ (వేరే చిరునామా నుంచి వచ్చే జవాబును పేజీ చదవొచ్చా), సేమ్‌సైట్ (వేరే సైట్ల మధ్య కుకీ వెళ్లొచ్చా) నియమాలు పట్టవు. అందులో పనిచేసిందంటే సర్వర్ కుకీ పంపుతోందని మాత్రమే అర్థం. దాన్ని పారేస్తున్నది బ్రౌజర్. కోడ్ ముట్టుకోకముందే క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో లాగిన్ రిక్వెస్టు తెరవండి. సెట్-కుకీ వరస పక్కన పసుపు త్రికోణం ఉంటే దానిమీద మౌస్ పెట్టండి, ఎందుకు తోసేసిందో అక్కడే రాసి ఉంటుంది.

మీ విషయంలో రెండు లోపాలు కలిశాయి. లోకల్‌హోస్ట్, 127.0.0.1 రెండూ ఒకే మిషనే అయినా బ్రౌజర్ లెక్కలో వేర్వేరు సైట్లు. 2020 నుంచి క్రోమ్, సేమ్‌సైట్ రాయని కుకీని లాక్స్‌గా తీసుకుంటుంది. వేరే సైటుకు వెళ్లిన ఫెచ్ జవాబులో అలాంటి కుకీ వస్తే దాన్ని భద్రపరచుకోదు. రెండు చోట్లా లోకల్‌హోస్ట్ అనే రాయండి. పోర్టు తేడా ఉన్నా సైటు ఒకటే అవుతుంది.

అయినా పోర్టు మారితే ఆరిజిన్ (ప్రోటోకాల్, పేరు, పోర్టు కలిపిన చిరునామా) మారినట్టే, రెండో చిక్కు అదే. ఫెచ్‌లో క్రెడెన్షియల్స్‌కు (కుకీలు చేర్చాలా అని చెప్పే ఆప్షన్) 'ఇన్‌క్లూడ్' ఇవ్వాలి. యాక్సియోస్ అయితే విత్‌క్రెడెన్షియల్స్ ట్రూ. లాగిన్‌కు ఒక్కదానికే కాదు, ఆ తర్వాతి ప్రతి రిక్వెస్టుకూ. సర్వర్‌లో కార్స్ క్రెడెన్షియల్స్ ట్రూ చేసి, ఆరిజిన్ దగ్గర నక్షత్రం గుర్తు తీసేసి పూర్తి చిరునామా పోర్టుతో సహా రాయండి. చివర స్లాష్ ఉండకూడదు, ఆ ఒక్క గీతకే పోలిక తప్పుతుంది.

రెస్పాన్స్ హెడర్లలోంచి సెట్-కుకీని జావాస్క్రిప్ట్‌తో చదవాలని చూడకండి, బ్రౌజర్ ఇవ్వదు. కుకీ హెచ్‌టీటీపీఓన్లీ (స్క్రిప్టులు చదవలేనిది) అయితే డాక్యుమెంట్ డాట్ కుకీలోనూ కనిపించదు, అది తప్పు కాదు, రక్షణ. నిలిచిందో లేదో అప్లికేషన్ ట్యాబ్‌లో చూసుకోండి.

రేపు హోస్ట్ చేసేటప్పుడు పేజీని, ఏపీఐని ఒకే సొంత డొమైన్ కింద పెట్టండి. సేమ్‌సైట్ నన్, సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్‌లోనే వెళ్లాలి) పెట్టి వేర్వేరు సైట్ల మధ్య నడిపించవచ్చు గానీ, 2020 మార్చి నుంచి సఫారీ థర్డ్ పార్టీ (తెరిచిన సైటువి కాని) కుకీలన్నిటినీ ఆపేస్తోంది. మీ ల్యాప్‌టాప్‌లో బాగానే ఉండి, ఐఫోన్ ఉన్నవాళ్లకు లాగిన్ నిలవదు. గిట్‌హబ్ డాట్ ఐఓ లాంటి ఉచిత చిరునామాల్లో రెండు సబ్‌డొమైన్లు తీసుకున్నా అవి రెండు వేర్వేరు సైట్లే.

ప్రశ్న: ఎక్స్‌ప్రెస్-సెషన్ వాడాను, సెక్యూర్ ట్రూ. ఎంజిన్‌ఎక్స్ (ముందుండి రిక్వెస్టులు అందుకుని యాప్‌కు పంపే సర్వర్) వెనక పెట్టాక సెట్-కుకీ హెడరే రావడం లేదు.
– ఒక పాఠకుడు, కడప

జవాబు: హెచ్‌టీటీపీఎస్ ఎంజిన్‌ఎక్స్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడినుంచి నోడ్‌కు చేరేది మామూలు హెచ్‌టీటీపీ. కనెక్షన్ భద్రం కాదనుకుని ఎక్స్‌ప్రెస్-సెషన్ కుకీ పంపడమే మానేస్తుంది, ఎర్రర్ కూడా చూపదు. యాప్‌లో 'ట్రస్ట్ ప్రాక్సీ'ని (ముందున్న సర్వర్ మాట నమ్మమనే సెట్టింగు) 1 చేయండి. ఎంజిన్‌ఎక్స్ నుంచి అసలు కనెక్షన్ హెచ్‌టీటీపీఎస్ అని చెప్పే ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో హెడర్ వెళ్లేలా చూడండి. ఈ రెండింటిలో ఏది లేకున్నా కుకీ రాదు. సెక్యూర్‌ను ఫాల్స్ చేస్తే వస్తుంది గానీ, ఆ దారి పట్టకండి. సెషన్ కుకీ ఎన్‌క్రిప్షన్ లేని దారిలో కూడా వెళ్లిపోతుంది.