అడాలిముమాబ్‌తో సోరియాసిస్ సగమే తగ్గింది, సెకుకినుమాబ్‌కి మారమంటున్నారు. మారొచ్చా?

అడాలిముమాబ్ మొదలుపెట్టి నాలుగు నెలలు దాటినా మీవారికి మోకాళ్ల మీద, తలలో సోరియాసిస్ పొలుసులు సగమే తగ్గాయని, ఒకటి పనిచేయనప్పుడు ఇంకోటి పనిచేస్తుందన్న నమ్మకం ఏంటని అడిగారు. నేనూ ఇదే మార్పు చేసుకున్నవాణ్ణే అండి. మారడానికి భయపడక్కర్లేదు కానీ, మొదటిది ఎందుకు సరిగా పనిచేయలేదో ముందు తేల్చుకోండి.

ఈ రెండూ ఒకే రకం మందులు కావు. శరీరంలో వాపు పుట్టించే ప్రొటీన్లలో అడాలిముమాబ్ టీఎన్ఎఫ్ అనేదాన్ని అడ్డుకుంటుంది, సెకుకినుమాబ్ ఐఎల్-17ఏ అనేదాన్ని. అందుకే ఒకటి ఫెయిలైతే రెండోదీ ఫెయిలవుతుందని ఏమీ లేదు. కాకపోతే అసలు బయాలజిక్‌లే (ఇలాంటి ప్రొటీన్ ఇంజెక్షన్లే) వాడనివాళ్లకి వచ్చినంత ఫలితం, ఒకటి వాడి మారినవాళ్లకి రాకపోవచ్చని మా డాక్టర్ ముందే చెప్పారు.

నా విషయంలో మొదట్లో చర్మం బాగా తేటపడింది. తర్వాత రెండు వారాల ఇంజెక్షన్ తేదీ ఇంకా రాకముందే దురద, పొలుసులు మళ్లీ మొదలయ్యేవి. శరీరం ఆ మందు మీదే యాంటీబాడీలు తయారుచేసుకుంటే ఇలా జరుగుతుందట. మీవారికి మొదటినుంచే సరిగా తగ్గలేదంటే అది వేరే కథ. అలాంటప్పుడు ఇంకో టీఎన్ఎఫ్ మందుకి పోకుండా వేరే దారిలో పనిచేసేదానికి మారడమే మేలని నా అభిప్రాయం. అంతకుముందు డోసులేమైనా తప్పాయా, ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచారా, బరువు పెరిగారా అన్నవి చూసుకోండి. బరువెక్కువైతే మందు సరిపోకపోవచ్చు. ఇది ఎవరూ సూటిగా చెప్పరు.

మారేటప్పుడు నాకు గ్యాప్ ఏమీ ఇవ్వలేదు, తర్వాతి అడాలిముమాబ్ వేయాల్సిన రోజునే కొత్తది మొదలుపెట్టారు. టీబీ టెస్టు, ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బి, సి పరీక్షలు మళ్లీ చేయించారు. పోయినసారి చేయించాం కదా అని వదిలేయకండి, మన దేశంలో లోపల దాగున్న టీబీ చాలామందికి ఉంటుంది.

డోసు 300 మి.గ్రా. మొదటి రోజుతో కలిపి అయిదు వారాలు వరుసగా వారానికొకటి, ఆ తర్వాత నాలుగు వారాలకోసారి. 150 మి.గ్రా. పెన్నులైతే ఒక్కోసారి రెండేసి, అంటే మొదటి అయిదు వారాలకే పది. జేబుకి అసలు దెబ్బ అక్కడే! కంపెనీ వాళ్ల పేషెంట్ సపోర్ట్ స్కీమ్ ఉందేమో డాక్టర్‌నే అడగండి. ఇన్సూరెన్స్ వాళ్లని కూడా ముందే అడిగి పెట్టుకోండి, ఆసుపత్రిలో చేరకుండా వేయించుకునే ఇంజెక్షన్లకి చాలా పాలసీలు డబ్బివ్వవు.

నాకు చేతులు, నడుము త్వరగానే తేటపడ్డాయి. పిక్కల మీదవి మాత్రం మొండికేసి చివరికి తగ్గాయి. మోచేతి దగ్గర ఒక మచ్చ ఇప్పటికీ ఉంది, దానికి ఆయింట్‌మెంట్ రాస్తున్నాను. మధ్యలో ఒకసారి నోట్లో తెల్లటి పూతలా ఫంగస్ వచ్చి మందుతో పోయింది. ఐఎల్-17 మందులతో ఇది మామూలేనట. ఫలితం తేల్చడానికి కనీసం 12 నుంచి 16 వారాలు ఆగమన్నారు.

రెండు విషయాలు మాత్రం తప్పకుండా డాక్టర్‌కి చెప్పండి. మీవారికి క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ లాంటి పేగుల జబ్బు ఉన్నా, విరేచనాల్లో రక్తం పడుతున్నా సెకుకినుమాబ్ సరిపడకపోవచ్చు. అప్పుడు గుసెల్కుమాబ్ లాంటి, ఐఎల్-23 అనే మరో ప్రొటీన్‌ని అడ్డుకునే మందులు ఆలోచిస్తారు. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోవడం, మడమ నొప్పి ఉంటే కీళ్ల డాక్టర్‌కి కూడా చూపించి అప్పుడు మందు ఖాయం చేసుకోండి.