బడి సైకాలజిస్టు కాబోతున్న ఒక యువ రచయిత్రికి

అమ్మా,

నీ వ్యాసం చదివాను. బాగుందని ఒక్క ముక్క రాసి పంపితే ఇద్దరికీ హాయిగానే ఉంటుంది కానీ, దానివల్ల నీకు ఒరిగేదేమీ లేదు. అందుకే కాస్త పెద్ద ఉత్తరం రాస్తున్నాను. మధ్యలో కోపం వస్తే రానీ, చివరిదాకా మాత్రం చదువు.

ఎమ్మెస్సీ సైకాలజీ రెండో ఏడాదిలో ఉండి, పగలంతా ప్రైమరీ స్కూల్లో ఇంటర్న్‌షిప్ చేసి, మెట్రోలో నిలబడి ఇంటికొచ్చి, రాత్రి కూచుని ఇంత రాశావంటే రాయాలన్న తపన ఉన్నట్టే. భాష మీద పట్టు కూడా ఉంది. నా బెంగల్లా నువ్వు ఎవరి గురించి రాశావన్నదే.

వ్యాసమంతా ఆ రెండో క్లాసు పిల్లాడే. వాడి జిప్పు పోయిన బ్యాగు, ఆటో నడిపే తండ్రి, గుండె ఆపరేషన్ అయిన చెల్లెలు, మెహదీపట్నం దగ్గర సందులో అద్దె ఇల్లు. పేరొక్కటి మార్చావు. ఆ బడిలో ఆయా నీ వ్యాసం ఫోన్లో రెండు పేరాలు చదివిందనుకో, వాడెవడో ఇట్టే చెప్పేస్తుంది. సాయంత్రానికల్లా పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. వాళ్లమ్మ నిన్ను నమ్మి గొంతు తగ్గించి చెప్పిన మాటలు వాళ్ల ఇంటి ఓనరు కూడా చదువుతాడు. ఆవిడ సంతకం పెట్టింది పిల్లాడికి టెస్టులు చెయ్యడానికి. ఆ కాగితంలో పత్రిక ప్రస్తావన ఎక్కడా లేదు కదా?

పిల్లల మీద జరిగే లైంగిక నేరాల కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టంలో 23వ సెక్షన్ ఒకసారి చూడు. అలాంటి కేసుల్లో పిల్లల గురించి మీడియాలో ఏమేం బయటపెట్టకూడదో అందులో వరసగా ఉంటుంది: పేరు, చిరునామా, ఫోటో, కుటుంబ వివరాలు, బడి, ఇరుగుపొరుగు, ఇంకా గుర్తుపట్టడానికి దారితీసే ఏ వివరమైనా. నీ పిల్లాడిది అలాంటి కేసు కాదు, ఆ సెక్షన్ నీ వ్యాసానికి వర్తించదు. అయినా పిల్లల మీద రాసేవాళ్లకి అంతకంటే మంచి చెక్ లిస్టు నాకు కనపడలేదు. దాన్ని పక్కన పెట్టుకుని నీ వ్యాసం మళ్లీ చదువు. పేరు, ఫోటో తప్ప అన్నీ ఇచ్చేశావు.

"మరి ఏం రాయమంటారు మేడమ్, నా దగ్గర ఉన్నవన్నీ పిల్లల సంగతులేగా" అంటావు. ఇంకొకటి ఉంది. రెండో పేజీలో నువ్వు ఒక్క వాక్యంలో తోసేసి ముందుకెళ్లిపోయావు: "మొదట్లో కొంచెం ఇబ్బందిగా అనిపించింది." నీ అసలు వ్యాసం అక్కడుంది. ప్రైమరీ స్కూల్లో సైకాలజిస్టుగా తయారవడమంటే ఏమిటో, హైదరాబాద్‌లో ఇరవైల్లో ఉన్న ఒక అమ్మాయి ఆ పని ఎలా నేర్చుకుంటుందో నేను తెలుగులో ఎక్కడా చదవలేదు. పిల్లల కన్నీళ్ల కథలు మాత్రం బోలెడు చదివాను.

నీకు బడివాళ్లు ఇచ్చిన గది ఏది? ఆటసామాను పెట్టేదే కదా, ఫోన్లో చెప్పావు. క్యారమ్ బోర్డులు ఓ పక్కకి జరిపి, ఒకటో క్లాసు కుర్చీలో మోకాళ్లు గడ్డానికి ఆనేలా కూచుని, డిపార్ట్‌మెంట్‌లో రిజిస్టరు మీద సంతకం పెట్టి తెచ్చుకున్న టెస్టు కిట్టు విప్పుతావు. స్టాప్‌వాచ్ నొక్కగానే బయట పీటీ సారు విజిల్. పిల్లాడి చూపు తలుపు వైపు. ఆ టైము లెక్కలో వెయ్యాలా, మళ్లీ మొదటినుంచి పెట్టాలా? మాన్యువల్లో విజిల్ గురించి ఉండదు. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేస్తే క్లాసులో ఉన్నారు. ఇదంతా నాకు ఫోన్లో నవ్వుతూ చెప్పినదానివి, వ్యాసంలో "అంచనా ప్రక్రియ నిర్వహించాను" అని రాశావు. ఆ మూడు మాటలు చదివి నేను ఏ గదినీ చూడలేకపోయాను.

ఆ కిట్టు గురించి కూడా రాయి. అది మాలిన్ అనే ఆయన నాగ్‌పూర్‌లో 1969లో మన పిల్లల కోసం మార్చి తెచ్చిన తెలివితేటల పరీక్ష, దానికి మూలం అమెరికాలో వెక్స్‌లర్ అనే సైకాలజిస్టు తయారుచేసినది. యాభై ఏళ్లు దాటిన పరీక్ష చేతిలో పెట్టుకుని, యూట్యూబ్ షార్ట్స్ చూస్తూ అన్నం తినే పిల్లాడి ముందు కూచున్నప్పుడు నీకేమనిపించింది? ఒక్క జాగ్రత్త. కిట్టులో చెక్క ముక్కలు, బొమ్మలు ఉంటాయని చెప్పొచ్చు కానీ, ప్రశ్నలు, వాటి జవాబులు అచ్చులో పెట్టకూడదు. నాలుగో పేజీలో మూడు ప్రశ్నలు దించేశావు, అవి తీసెయ్. రేపు ఏ ట్యూషన్ మాస్టారో వాటిని బట్టీ పట్టించాడంటే ఇక ఆ పరీక్షకి విలువేముంది?

భాష సంగతి నువ్వు అసలు ముట్టుకోలేదు, నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అదే. మీ బడిలో ఒకే బెంచీ మీద ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాడు, తెలుగు మాట్లాడేవాడు, బిల్డింగ్ పనులకి ఒడిశా నుంచి వచ్చినవాళ్ల పాప కూచుంటారు. పాఠం ఇంగ్లీషులో. 2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లో కూడా ఇంగ్లీషు మీడియం వచ్చింది, పుస్తకంలో ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు. ఇలాంటి చోట పిల్లాడికి మాట అర్థం తెలియలేదంటే వాడికి తెలియలేదా, మనం అడిగిన భాషలో తెలియలేదా? నువ్వు రోజూ తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది. దీనిమీదే రెండు పేజీలు రాయొచ్చు, పిల్లాడి ఊసెత్తకుండా.

"అక్షరాలు తిరగేసి రాస్తాడు" అన్నావు. ఏ అక్షరాలు? ఇంగ్లీషు టెక్స్ట్‌బుక్కుల్లో బీ, డీ తారుమారు గురించి ఉంటుంది, అది చదివి రాసినట్టుంది. వాడి తెలుగు నోటుబుక్కు చూశావా? మన రాతలో తిప్పలు వేరు. "అమ్మ"లో మ వత్తు ఎగిరిపోతుంది, "పువ్వు" కాస్తా "పువు" అవుతుంది. ప, వ, మ, య ఒకదాని బదులు ఒకటి పడతాయి. గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పోతుంది. వత్తు ఒకచోట కింద, ఒకచోట పక్కన, క్రావడి అయితే ఎడమ నుంచి చుట్టుకొస్తుంది. ఏడేళ్ల కళ్లకి ఇదెంత పనో ఒక్క పదం తీసుకుని చూపించు. పేజీ పక్కన పెట్టుకుని, పెన్సిల్ ఎక్కడ ఆగింది, ఎక్కడ రబ్బరుతో చెరిపాడు, ఏది చూసి మళ్లీ రాశాడు, అంతే. లోపం అన్న మాట వాడకుండా రాసి చూడు.

ఇక తప్పులు. రెండో క్లాసు పిల్లాడికి "డిస్లెక్సియా ఉంది" అని, అంటే చదవడం, రాయడం నేర్చుకోవడంలో వచ్చే ఇబ్బంది ఉందని, రాసేశావు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో నేర్చుకోవడంలో వచ్చే ఇబ్బందినీ చేర్చింది, నిజమే. కానీ దాని కోసం 2018లో ఇచ్చిన మార్గదర్శకాలు స్క్రీనింగే మూడో క్లాసులో లేదా ఎనిమిదేళ్లప్పుడు అన్నాయి. అంతకు ముందు చదవడం ఆలస్యమవడానికి సవాలక్ష కారణాలు ఉంటాయి. పైగా సర్టిఫికెట్ ఇచ్చేది నువ్వూ కాదు, నీ బడీ కాదు. "చదవడం వెనకబడింది, ఎందుకో చూస్తున్నాం" అంటే చాలు. పాఠకుడు దాన్ని ఒప్పుకుంటాడు.

అలాగే "సైకాలజిస్టు కావాలంటే 1,200 గంటల ఇంటర్న్‌షిప్ చెయ్యాలి, 500 మంది పిల్లలకి ఒక సైకాలజిస్టు ఉండాలి" అని రాశావు. అవి అమెరికాలో స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం పెట్టుకున్న లెక్కలు. ఆ గంటల్లో కనీసం 600 బడిలోనే గడపాలన్న నియమం కూడా అక్కడిదే. నీ వ్యాసం చదివినవాళ్లు ఇవి హైదరాబాద్ నియమాలనుకుంటారు. అక్కడివని చెప్పి, పక్కనే మీ క్లాస్‌మేట్స్ ఇంటర్న్‌షిప్ లెటర్ పట్టుకుని ఎన్ని బడుల గేట్ల దగ్గర వాచ్‌మన్‌తో మాట్లాడి వెనక్కొచ్చారో రాయి. చదివేవాళ్లకి తేడా ఇంకెవరూ వివరించక్కర్లేదు. నీ పేరు కింద "క్లినికల్ సైకాలజిస్ట్" అని వేసుకున్నావు చూడు, అది మాత్రం వెంటనే తీసెయ్. అలా చెప్పుకోవాలంటే పునరావాస మండలి, అదే ఆర్‌సీఐ, 1992 చట్టం కింద నడిపే రిజిస్టర్‌లో పేరుండాలి. "సైకాలజీ విద్యార్థిని" అంటే చిన్నతనమేం కాదు. ఈ వ్యాసానికి బలం కూడా అదే.

విట్మర్ సంగతి బాగుంది. 1896లో ఫిలడెల్ఫియాలో లైట్నర్ విట్మర్ సైకాలజీ క్లినిక్ మొదలుపెట్టడానికి కారణం ఒక టీచరు, స్పెల్లింగ్ రాని తన క్లాసు కుర్రాణ్ణి ఆయన దగ్గరికి తీసుకురావడం. కానీ దాన్ని మొదటి పేరాలో పెట్టి పాఠం చెప్పావు. మీ స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ నోటుబుక్కు తెచ్చి "చూడమ్మా, వీడు నోటితో అన్నీ చెప్తడు, రాయమంటే రాయడు" అంది కదా, అక్కడ పెట్టు.

ఆవిడ గురించే ఇంకో మాట. "టీచర్లకు పిల్లల మనస్తత్వం తెలియదు" అని ఒక వాక్యం పడేశావు. ఆ పిల్లాణ్ణి నీ దగ్గరికి పంపించింది ఎవరు? నువ్వు వారానికి రెండ్రోజులు వెళ్తావు, ఒక్కో పిల్లాడితో ముక్కాలు గంట కూచుంటావు. ఆవిడ రోజంతా క్లాసు మొత్తంతో ఉంటుంది. విద్యాహక్కు చట్టం ప్రైమరీలో 30 మందికి ఒక టీచరు అంటుంది, మీ క్లాసులో ఎంతమందో లెక్కపెట్టి రాయి. ఆవిడ ఒకసారి "మొద్దు" అని తిట్టింది నిజమే, అదీ రాయి, దాచొద్దు. ఆ నోటుబుక్కు తెచ్చిందీ ఆవిడేనని కూడా రాయి.

క్లాసులో వెనక బెంచీ మీద కూచుని చూసి రాసుకోవడం మీకు నేర్పుతారు కదా, అందులో ఒక పద్ధతి నాకు చాలా నచ్చింది. చూడాల్సిన పిల్లాడితో పాటు అదే క్లాసులో ఇంకో మామూలు పిల్లాణ్ణి కూడా గమనించి పోల్చడం. మనవాడు అరగంటలో ఆరుసార్లు లేస్తే, పక్కవాడు ఐదుసార్లు లేచాడనుకో, చూడాల్సింది పిల్లాడినేనా? కిటికీ అవతల ఏముంది, ఫ్యాను తిరుగుతోందా, పాఠం ఎక్కడ ఆగింది, అన్నీ చూడాలి. నువ్వేమో "శ్రద్ధ లోపాన్ని ప్రదర్శించాడు" అని రాశావు. తెలుగులో ఎవరైనా శ్రద్ధ లోపాన్ని ప్రదర్శిస్తారా తల్లీ? రిపోర్టు ఇంగ్లీషులో రాసి అలవాటై, అదే తెలుగు అక్షరాల్లో దింపుతున్నావు. లేచాడు, కిటికీ దగ్గరికెళ్లాడు, పెన్సిల్ చెక్కుకున్నాడు, మళ్లీ కూచున్నాడు. ఈ క్రియలు చాలు. నీ రిపోర్టులు కూడా బాగుపడతాయి, మీ సూపర్‌వైజర్ సంతోషిస్తారు.

ఇలా రాస్తే మళ్లీ పిల్లాడి గురించే కదా అని నీకు సందేహం రావచ్చు. ఎవరి పిల్లాడో తెలియని పిల్లాడు అవుతాడు. నలుగురైదుగురిలో చూసింది ఒకచోట కలుపు, అలా కలిపానని పాఠకులకి ముందే ఒక వాక్యంలో చెప్పు. మనిషిగా పూర్తిగా కనపడాల్సింది నువ్వు.

ఇంకొక్కటి. ఆ తల్లి గదిలోకి రాగానే మొదట అడిగింది "మీకు పిల్లలున్నారా మేడం?" అని. లేరన్నావు. ఆవిడ కాసేపు నిన్ను పైకీ కిందకీ చూసింది. తర్వాత, వెళ్లే ముందు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "మా పోరనికి పిచ్చా?" అంది. దాని తర్వాత నువ్వు రాసిన వాక్యం ఇది: "ఆమెకు అర్థమయ్యే రీతిలో వివరించాను."

ఏమని వివరించావు? పుస్తకంలో మాటలా, ఇంట్లో మాట్లాడే మాటలా? తెలుగులోనా, హైదరాబాదీ హిందీలోనా? చెప్తుంటే నీ చేతులు ఏం చేశాయి? ఆవిడ మధ్యలో ఏమైనా అడ్డొచ్చిందా? నీకు అప్పటికే జవాబు తెలుసా, వెతుక్కుంటూ చెప్పావా? కొత్త వ్యాసం అక్కడ మొదలుపెట్టి, మిగతాదంతా దాని వెనకాల రానీ. దసరా సెలవుల్లో పంపు. కళ్లద్దాలు మార్చాను, ఫాంటు కాస్త పెద్దది పెట్టు.

ఆశీస్సులతో,
మీ మేడమ్