మీ ప్రశ్నలు - మా జవాబులు: నీళ్ల లెక్కలు రాస్తే ఏం ఒరుగుతుంది?

ప్రశ్న: మేం కొంతమందిమి కలిసి నెలనెలా ఒక వాగు నీళ్లు పరీక్ష చేస్తున్నాం. ప్రతిసారీ 'మామూలే' అని రాసుకుని రావడమే తప్ప ఏమీ కనిపించదు. ఇలాంటి వాలంటీర్ల పని వల్ల నిజంగా ఎక్కడైనా ఏమైనా జరిగిందా, లేక మన తృప్తి కోసమేనా?

జవాబు: జరిగింది, అదీ ఆ 'మామూలే'ల వల్లే. ఇంగ్లండ్‌లో సరదాకి చేపలు పట్టేవాళ్లు 2007 నుంచి దేశమంతా ఒకే పద్ధతిలో నదుల్లో పురుగుల్ని లెక్కపెడుతున్నారు. పొడుగు బూట్లు వేసుకుని నీళ్లలోకి దిగుతారు, వల అడ్డం పెట్టి దానికి కాస్త ఎగువన మూడు నిమిషాలపాటు అడుగునున్న గులకరాళ్లని కాలితో కెలుకుతారు, వల్లో పడ్డదంతా తెల్ల ట్రేలోకి వంపి, కాలుష్యాన్ని తట్టుకోలేని ఎనిమిది రకాల జీవుల్లో ఏది ఎంతుందో రాస్తారు. ఆ చోటికి ముందే పెట్టుకున్న హద్దు కంటే స్కోరు పడిపోతే వెంటనే ప్రభుత్వ పర్యావరణ సంస్థకి కబురు వెళ్తుంది.

2013 జులై మొదట్లో కెన్నెట్ నదిలో, మార్ల్‌బరో పట్టణం దగ్గర, ఎప్పుడూ ట్రే నిండా గిలగిల్లాడే మంచినీటి రొయ్యలు ఉన్నట్టుండి మాయమయ్యాయి. వాలంటీర్లు చెప్పారు, సంస్థవాళ్లు వచ్చి వెతికితే క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు దొరికింది, అది మురుగునీటి శుద్ధి కేంద్రం మీదుగా నదిలోకి వచ్చిందని తేలింది. నదిలో పడ్డ మందు ఓ రెండు టీస్పూన్లు ఉంటుందేమోనని అంచనా, దెబ్బతిన్నది మాత్రం దాదాపు 15 కిలోమీటర్ల నది! ఆ రోజు అటువైపు ఎవరో ఊరికే వెళ్లి నీళ్లలోకి తొంగిచూసి ఉంటే ఏమీ అర్థమయ్యేది కాదు. రొయ్యలు లేవని తెలియాలంటే అంతకుముందు ఉండేవని ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి కదా. తర్వాత 2016లో బ్రిటన్‌లో ఆ మందు వాడకాన్ని దాదాపు పూర్తిగా ఆపేశారు, అయితే దానికి మనుషుల ఆరోగ్యం గురించిన లెక్కలు వేరే ఉన్నాయి కాబట్టి ఆ ఘనత కూడా వీళ్ల ఖాతాలో వెయ్యను.

ప్రశ్న: ఇళ్లలో టాప్ నీళ్లు పరీక్షించి ఆ లెక్కలు తీసుకెళ్తే "మీరేమైనా సైంటిస్టులా?" అంటున్నారు. నమ్మించడం ఎలా?

జవాబు: అమెరికాలో ఫ్లింట్ నగరంవాళ్లకీ ఇంచుమించు ఇదే ఎదురైంది. ఖర్చు తగ్గుతుందని 2014 ఏప్రిల్‌లో డెట్రాయిట్ నీళ్లు మానేసి ఫ్లింట్ నది నీళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. పైపులు తుప్పుపట్టకుండా కలపాల్సిన మందు కలపలేదు, దాంతో పాత పైపుల్లోని సీసం నీళ్లలోకి దిగింది. లీఆన్ వాల్టర్స్ అనే తల్లి, ఇంకొంతమంది స్థానికులు వర్జీనియా టెక్ యూనివర్సిటీ పరిశోధకులతో కలిసి 2015లో నీళ్లు పట్టి ఇచ్చే 300 కిట్లు ఇంటింటికీ పంచితే 250కి పైగా తిరిగొచ్చాయి. అసలు బలమంతా నీళ్లు పట్టిన తీరులో ఉంది. కనీసం ఆరు గంటలు టాప్ ముట్టుకోకుండా ఉంచి, తిప్పగానే వచ్చిన నీళ్లు ఒక సీసాలో, 45 సెకన్లు వదిలాక ఇంకో సీసాలో, రెండు నిమిషాలయ్యాక మూడోదాంట్లో పట్టారు. అధికారుల సూచనల్లోనేమో శాంపిల్‌కి ముందు కాసేపు నీళ్లు వదిలేయమని ఉండేది, అలా చేస్తే పైపులో నిలవున్న సీసం ముందే పోతుంది, లెక్క తగ్గుతుంది! చర్య తీసుకోవాల్సిన హద్దు 15 పీపీబీ (అంటే వందకోట్ల పాళ్ల నీళ్లలో 15 పాళ్ల సీసం) అయితే, పదింట ఒక ఇంట్లో 25 దాటిందని తేలింది. మొదట అధికారులు కొట్టిపారేశారు, కానీ పిల్లల రక్తంలో సీసం పెరిగిందని డాక్టర్ మోనా హన్నా అతిషా లెక్కలు కూడా బయటికొచ్చాక తప్పలేదు, అక్టోబర్‌లో మళ్లీ డెట్రాయిట్ నీళ్లకి మారారు.

కాబట్టి మీరు ముందు చెయ్యాల్సింది ఎలా పట్టారో ఒక కాగితం మీద రాసి ఆఫీసులో ఇవ్వడం, ఫలితాలు ఆ తర్వాత. కొన్ని శాంపిళ్లు రెండేసి పట్టండి, కొన్ని గుర్తింపు ఉన్న ల్యాబ్‌కి పంపండి, కిట్‌లో మందుల గడువు తేదీ చూడండి (చాలామంది చూడరు). బాగున్న ఇళ్ల లెక్కలు కూడా ఇవ్వండి, చెడ్డవే ఏరి ఇచ్చారని తెలిస్తే ఇక మీ మాట వినరు.

ప్రశ్న: మాకు చెరువుంది, డబ్బు లేదు. ఏదైనా చెయ్యగలమా?

జవాబు: నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో కొలిచే సెకీ డిస్క్ చేసుకోండి. 20 సెంటీమీటర్ల గుండ్రటి పళ్లెం, నాలుగు భాగాలు చేసి ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగు వేసి, కింద బరువు, పైన కొలతలు గుర్తుపెట్టిన సాగని తాడు, అంతే ఖర్చు. ఏంజెలో సెకీ అనే ఇటలీ మతగురువు 1865లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మామూలు జనం 1973 నుంచి ఇదే పళ్లెంతో సరస్సులు కొలుస్తున్నారు, ఏ సరస్సు తేటపడుతోందో, ఏది నాచుపట్టి మసకబారుతోందో దశాబ్దాల లెక్క అక్కడుంది. నీళ్లు తాగొచ్చా లేదా అన్నది మాత్రం ఈ పళ్లెం చెప్పదు, దానికి ల్యాబే దిక్కు. మధ్యాహ్నం పూట పడవ నీడ పడే వైపు నుంచి దింపండి, కనబడకుండా పోయిన లోతూ, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన లోతూ రెండూ రాసి సగటు తీయండి, ఎప్పుడూ అదే చోట. చలువ కళ్లద్దాలు తీసేసి చూడండి, లేకపోతే లోతు లెక్క మారిపోతుంది.