తాడు పట్టుకున్నవాళ్ళ గురించి రాయి

చి. తమ్ముడికి,

నీ క్యోటో వ్యాసం చదివాను. జపాన్‌లో ఆ ఊళ్ళో జరిగే గియోన్ రథాల పండగ మీద మొదటి రెండు పేజీలూ జనసంద్రం, రంగుల హరివిల్లు, మాటల్లో చెప్పలేని అనుభూతి. మాటల్లో చెప్పలేనప్పుడు రాయడానికి కూర్చోవడం దేనికి? చిరాకేసి పక్కన పెట్టేయబోయాను. అంతలో మూడో పేజీలో ఒక్క వాక్యం కనిపించింది: మలుపు దగ్గర ఒక ముసలాయన వెదురు బద్దల మీద నీళ్ళు చల్లుతున్నాడు. బావుంది. కానీ ఆ తర్వాతి వాక్యానికే నువ్వు ఐస్‌క్రీం కొట్టు దగ్గరికి వెళ్ళిపోయావు, నాకు బాధేసింది.

ఆ నీళ్ళు ఎందుకో అడిగావా? హోకో అనే ఆ పెద్ద రథాల చక్రాలు పక్కకి తిరగవు. వాటిలో పెద్దవి దాదాపు 12 టన్నుల బరువు, పైన స్తంభం కొస దాకా కొలిస్తే సుమారు 25 మీటర్ల ఎత్తు. షిజో, కవరామాచి వీధులు కలిసేచోట రథాన్ని మళ్ళించాలంటే చక్రాల కింద వెదురు బద్దలు పరిచి, తడిపి, పక్క నుంచి తాళ్ళతో లాగి జార్చాలి. ఒక్క లాగుకి పూర్తిగా తిరగదు, మళ్ళీ పరచాలి, మళ్ళీ తడపాలి. ముందు నిలబడ్డవాళ్ళు విసనకర్రలు ఊపుతూ కేకేస్తే లాగేవాళ్ళంతా ఒక్క ఊపులో లాగుతారు. రథం చట్రం బిగించడానికి మేకులు వాడరు, అంతా తాళ్ళతో కట్టిందే. 869లో రోగాలు ప్రబలినప్పుడు మొదలైన పండగ, మధ్యలో యుద్ధాలకి ఆగి కూడా ఇంతకాలం బతికిందంటే ఆ కట్టే చేతుల వల్లే.

పరాయి ఊరి పండగకి వెళ్ళినవాడికి అక్కడి భాష అందదు, భక్తీ అంత తొందరగా అందదు. పని మాత్రం అందుతుంది. ఎవరు మోస్తున్నారు, ఎవరు కడుతున్నారు, ఎవరు తడుపుతున్నారు, అది చూసి రాయి. మిగతాదంతా ఫోటోల్లో వస్తుంది.

నేను కొత్తగా రాస్తున్న రోజుల్లో విజయనగరం పైడితల్లి జాతరలో ఊరేగించే సిరిమాను గురించి ఒక వారపత్రికకి రాశాను. చింతమాను ఎక్కడ దొరికింది, ఊళ్ళోకి ఎలా తెచ్చారు, వడ్రంగులు ఎలా చెక్కారు, కొసన పూజారి కూర్చునే ఆసనం ఎలా కట్టారు, అన్నీ తిరిగి తిరిగి అడిగి, లాడ్జిలో టీ, బన్నుతో గడుపుకుంటూ రాసింది. సంపాదకుడు ఆ భాగమంతా కొట్టేసి, లక్షలాది భక్తులు పోటెత్తారని తనే ఒక వాక్యం చేర్చి అచ్చేశాడు. ఆ కోపం నాకింకా పోలేదు. ఇప్పటివాళ్ళు ‘తప్పక చూడాల్సిన పది పండగలు’ అంటూ అదే పని చేస్తున్నారు, దయచేసి నువ్వు వాళ్ళకోసం రాయకు.

బోనాలు గుర్తొచ్చాయన్న పేరా తీసెయ్యి. మనవైపు ముడి నిజంగా కావాలంటే రథాల పక్కలకి వేలాడదీసిన బట్టలు చూడాల్సింది. వాటిలో బెల్జియంలో నేసిన 16వ శతాబ్దపు తెరలున్నాయి, దక్కన్‌లో నేసినవని నిపుణులు గుర్తించిన పాత తివాచీలూ ఉన్నాయి. మన వైపు మగ్గం మీద పుట్టిన పని క్యోటో వీధిలో నీ ముందు నుంచే ఊరేగింది తమ్ముడూ!

ఏ పత్రికకి పంపాలన్నావు, పుస్తకం వేయొచ్చా అన్నావు, అదంతా తర్వాత. వచ్చే జులైలో వీలైతే 17 నాటి ఊరేగింపు దాకా ఆగకుండా 10వ తేదీకే వెళ్ళు. రథాలు కట్టడం అప్పటికే మొదలవుతుంది. జపనీస్ వచ్చినవాళ్ళెవరినైనా తోడు తీసుకుని, తాడు కట్టే మనిషిని అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడుగు. పని మధ్యలో కాదు, వాళ్ళు టీకి ఆగినప్పుడు.