మూడేళ్లు దాటితే ఆలస్యమైనట్టేనా?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. మూడేళ్లలోపే మెదడు మొత్తం తయారైపోతుందని, ఆ తర్వాత నేర్పినా పెద్దగా లాభం ఉండదని ఎక్కడో చదివాను. ఆ మూడేళ్లూ నేను ఉద్యోగం టెన్షన్‌లోనే గడిపాను. ఆలస్యం చేసేశానా డాక్టర్ గారూ?
– ఒక తల్లి

జవాబు: లేదమ్మా. మీరు చదివినదాంట్లో సగం నిజం ఉంది. ఆ సగమే తల్లుల నిద్ర చెడగొడుతోంది.

కొన్ని పనులకు మెదడు నిజంగానే గడువు పెట్టుకుంటుంది. హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు పిల్లికూనలకు ఒక కన్ను కొన్నాళ్లు మూసి ఉంచి, తర్వాత తెరిచారు. కన్ను బాగానే ఉంది. కానీ మెదడులో ఆ కంటికి దక్కాల్సిన చోటును రెండో కన్ను ఆక్రమించేసింది. ఒక కంటి చూపు మందగించిన పిల్లలకు బాగున్న కంటిమీద ప్యాచ్ వేసి, మందగించిన కంటితో చూసేలా చేసేది ఇందుకే. పాపకు కంటి పరీక్ష చేయించకపోతే ఈ నెలలోనే చేయించండి. ఆలస్యం చేయకూడనిది అదొక్కటి.

శబ్దాల సంగతీ కొంత అలాంటిదే. ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని 6–8 నెలల పసివాళ్లు హిందీలోని ‘త’కూ ‘ట’కూ తేడా పట్టేస్తారని 1984లో వెర్కర్, టీస్ అనే పరిశోధకులు చూపించారు. ఏడాది నిండేసరికి చాలామంది పట్టలేకపోయారు. చెవి పాడై కాదు, ఇంట్లో ఆ తేడాతో పని లేక. పసి మెదడు ముందు అవసరానికి మించి కనెక్షన్లు అల్లుకుని, వాడనివాటిని తీసేస్తూ పోతుంది.

చదువు, లెక్కలు, ఓపిక పట్టడం వంటివాటికి అలాంటి గడువు లేదు. కోపాన్ని, తొందరను అదుపు చేసే నుదుటి వెనక భాగం పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. లండన్‌లో వేలాది వీధులు బట్టీపట్టి టాక్సీ లైసెన్సు తెచ్చుకున్న పెద్దవాళ్లను శిక్షణకు ముందు, తర్వాత స్కాన్ చేస్తే, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ వెనకభాగం పెరిగి కనిపించింది. పరీక్ష తప్పినవాళ్లలో పెరగలేదు పాపం.

నా సంగతే చెప్తాను. 52వ ఏట కుడి మణికట్టు విరిగి, ఎడమచేత్తో మందుల చీటీలు రాయాల్సి వచ్చింది. మొదటివారం మందుల షాపు నుంచి రోజూ ఫోనే. కట్టు విప్పేనాటికి ఫోన్లు ఆగిపోయాయి. నా కుడిచేతి రాతకూ అప్పుడప్పుడు ఫోన్ వచ్చేదనుకోండి, అది వేరే సంగతి.

అక్షరాల కార్డులు, ‘మేధస్సు పెంచే’ ఆటబొమ్మలు కొనకండి. పాప ఏదైనా చూపించి అడిగితే ఫోన్ పక్కన పెట్టి జవాబు చెప్పండి, తిరిగి మీరూ ఒకటి అడగండి. ఇంకో మాట. మీరు ఆఫీసులో ఉన్న గంటల్లో పాపను ఎత్తుకుని ఎవరో ఒకరు కబుర్లు చెప్పే ఉంటారు కదా? ఆ మాటలూ లెక్కలోకే వస్తాయమ్మా.