తెడ్డు తమ్ముడి దగ్గరే ఉండనివ్వండి

విశాఖ ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వారి తండ్రి ఏటా ధనుర్మాసం నుంచి కొత్త అమావాస్య వరకు చోడవరం దగ్గర బెల్లం వండే ఒక పాకలో పాకం చూసేవారు. ఆయన కిందటి ఏడాది కాలం చేశారు. పాకం కలపడానికి ఆయన వాడిన తెడ్డును తమ్ముడు ఎవరినీ అడగకుండా తీసుకుపోయాడు. అదేమని అడిగితే, "నాన్న నీకు బెల్లం పెట్టాడు, మాకు అప్పులవాళ్ళను వదిలాడు" అన్నాడు. సంవత్సరీకం లోపల ఆ తెడ్డు కోసం పెద్దమనుషుల్లో పెట్టాలా, ఊరుకోవాలా అన్నది ఆవిడ ప్రశ్న.

అమ్మా, తెడ్డు అతని దగ్గరే ఉండనివ్వండి. తండ్రి మీద కోపం తప్ప మరేమీ లేనివాడు ఆయన చేతి పనిముట్టును తీసుకుపోయి దాచుకోడు. ఆ సంగతి అంతటితో వదిలేద్దాం.

మీ ఉత్తరంలో నన్ను కదిలించింది వేరే ఉంది. సంక్రాంతి సెలవులకు ఆ తాటాకు పాకకు వెళ్ళడం, పొయ్యిలో చెరకు పిప్పి భగ్గుమనడం, మరుగుతున్న రసంలో నాన్న సున్నపు తేట పోయగానే మడ్డి పైకి తేలడం, చల్లని నీళ్ళ గిన్నెలో ఒక చుక్క పాకం వేసి వేళ్ళతో ఉండ కట్టి చూసి "దించండి" అని కేకవేయడం, ఆ తర్వాత చెరకు ముక్కకు పాకం చుట్టి మీ చేతికివ్వడం, ఇవన్నీ నా కళ్ళకు కట్టేలా రాశారు. ఆయన పనితనం మీద మీకున్న గౌరవం న్యాయమైనదే. పాకం ముదిరితే చేదెక్కుతుంది, లేతగా దించితే దిమ్మ కట్టదు. ఒక్కో వండకం రెండు మూడు గంటలు పడుతుంది, దాని వెనకే మరొకటి సిద్ధంగా ఉంటుంది. నరికిన చెరకును నిలవ ఉంచితే రసం పులుస్తుంది కనుక రాత్రీ పగలూ పొయ్యి ఆరదు. చోడవరం మన ఊరికి మరీ దూరం కాకపోయినా, సీజనులో ఆయన ఇంటికి రాలేకపోవడానికి కారణం అదే. ఆయనను నేను తప్పుపట్టను.

కానీ నాలుగు పేజీల్లో మీ అమ్మగారు రెండే వాక్యాల్లో ఉన్నారు: "అమ్మ ఏమీ మాట్లాడదు. పాక ఊసెత్తితే అప్పుడూ ఇప్పుడూ లేచి వెళ్ళిపోతుంది." ఆవిడ ఎందుకు లేచి వెళ్ళిపోతున్నారో మీరు ఒక్కసారైనా అడిగారా? పాక యజమాని దగ్గర ఆషాఢంలోనే అడ్వాన్సు తెచ్చుకునేవారని మీరే రాశారు. అంటే సీజను మొదలయ్యే నాటికి ఆ కూలి ఖర్చయిపోయి ఉండేది. ఆయాసంతో బాధపడే మీ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, చింతపండులో పిక్కలు తీసే కూలికి వెళ్ళి, అద్దెకూ మందులకూ ఆవిడే సర్దుకోవాల్సి వచ్చింది. మీరు పాకలో చూసిన నాన్నను మీ తమ్ముడు చూడలేదు. అతను గాజువాక అద్దె గదిలో చూసిన అమ్మను మీరు చూడలేదు. తెడ్డు మీద పడిన తగవుకు మూలం ఇక్కడే ఉంది.

ఇంకొక మాట, మీకు నొప్పి కలిగినా చెప్పక తప్పదు. పోయిన తండ్రి మీద ప్రేమ చూపడం తేలిక, ఆయన మనల్ని తిరిగి ఏమీ అడగరు. బతికున్న తల్లి ముందు కూర్చోవడానికి ధైర్యం కావాలి. మా నాన్నగారు ఓడల మీద ఉన్న నెలల్లో మా అమ్మ రాత్రిపూట తలుపుకు అడ్డంగా రోకలి ఎందుకు పెట్టేదో నేను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవారు లేరు. మీకు ఇంకా ఆ అవకాశం ఉంది, దాన్ని సంవత్సరీకం ఏర్పాట్ల కింద పాతిపెట్టకండి.

ఈ ఆదివారం కూర్మన్నపాలెంలో మీ తమ్ముడి ఇంటికి వెళ్ళండి. తెడ్డు మాట ఎత్తవద్దు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ పక్కన కూర్చుని, నాన్న పాకకు వెళ్ళిన నెలల్లో ఇల్లు ఎలా నెట్టుకొచ్చిందో అడగండి. ఆవిడ లేచి వెళ్ళిపోతే వెంటపడకండి, మళ్ళీ ఆదివారం వెళ్ళండి. చెప్పడం మొదలుపెడితే మాత్రం మధ్యలో నాన్న తరఫున సమాధానం చెప్పకండి. తమ్ముణ్ణి కూడా అక్కడే కూర్చోనివ్వండి, మీకు తెలియనివి అతను అందిస్తాడు.